వెనక పంటికి బంగారం

నేను ముఖాలు చూడను.
నా దగ్గరికి వచ్చేవి అచ్చులు,
ప్లాస్టర్‌లో గడ్డకట్టిన కొరుకుళ్ళు.
ఎవరు నిద్రలో పళ్ళు నూరుతారో,
ఎవరు ఒక పక్కనే నములుతూ
రెండో పక్కని అలిగిన చుట్టంలా వదిలేశారో
అచ్చు చూసి చెప్పగలను.
ఖుజంద్‌లో, సిర్‌దర్యా వంతెనకి ఇవతల
టైర్ల కొట్టు మేడ మీద నా గది.
కిటికీ గట్టున ఎప్పుడూ ఓ పది దవడలు ఆరుతుంటాయి.

ఆ గురువారం మాత్రం
అచ్చు వెనకే మనిషి కూడా మెట్లెక్కి వచ్చింది.
ఖైరినిసో. బజారులో ఎండు ఖుబానీలు అమ్ముతుంది.
గిరాకీల ముందు గింజని పంటితో పగలగొట్టి
"చూడు, పప్పు చేదు లేదు" అని
ముప్ఫయ్యేళ్ళుగా చూపిస్తున్న మనిషి.
ఈసారి గింజ గెలిచింది.

కింద దవడ, కుడివైపు, చివరి నుంచి రెండోది.
పైరవ్ డాక్టరు నరం తీసేశాడు. మిగిలింది డొల్ల.
తొడుగు లేకపోతే
ఏదో ఒక పూట రొట్టె కొరుకుతుంటే
కట్టెపేడులా నిలువునా చీలుతుందన్నాడట.
ఏ తొడుగో నువ్వే తేల్చుకో అన్నాడట.
"నాకేం తెలుసు? చేసేవాడివి నువ్వు, చెప్పు"
అని నా బల్ల మీద మోచేతులు ఆనించింది.
మాట్లాడుతుంటే పైవరసలో
ముందు పళ్ళు రెండు, బంగారం.

మూడు తీసి వరసగా పెట్టాను.
ఇది లోపల లోహం, పైన పింగాణీ.
చవకే. కానీ ఏళ్ళు గడిచి చిగురు జారితే
గోటి సందున మట్టిలా ఓ నల్లగీత తేలుతుంది.
పింగాణీ పెచ్చులూడినా ఊడచ్చు.
ఇది జిర్కోనియా. తెలుపు, గట్టిది.
నునుపు సరిగ్గా పట్టకపోతే
ఎదురుపంటిని అరగదీసేస్తుంది.
ఇది బంగారం. పాత పద్ధతి.
దీనికి పంటిని తక్కువ చెక్కితే చాలు,
ఎదురుపంటితో కలిసి తనూ కాస్త అరుగుతుంది,
నమిలే చోట దీన్ని మించింది లేదు.
"ఖరీదు సంగతి నీకు తెలుసు" అన్నాను.

మూడింటినీ అరచేతిలో ఎగరేసి తూచింది,
తరాజు మీద బతికిన చెయ్యి.
"ముందువి తీసి తెల్లవి పెట్టించుకోమంటోంది మా నిగోరా.
నేను నవ్వితే ఫోటో పాడవుతోందట."
కాసేపాగి అంది:
"ఇవి పాడైన పళ్ళు కావు, తెలుసా?
పంతొమ్మిదేళ్ళు నాకు. పెళ్ళి.
అత్తగారి జూకాలు కరిగించారు.
చెవుల్లోవి నోట్లోకి వచ్చాయి.
మంచి పళ్ళని ఆకురాయి పెట్టి అరగదీస్తుంటే
నోట్లో ఎముక కాలిన వాసన.
అద్దంలో చూసుకుని ఎంత మురిసిపోయానో!"

నేనేం మాట్లాడలేదు.
ఆ రోజుల్లో అందరికీ అదే పిచ్చి.
నలభయ్యో, యాభయ్యో చేసుంటాను నేనూ,
బాగున్న పళ్ళకి టోపీలు.

"ఈ రెండూ ఊడదీసి వెనక్కి వేస్తే
సరిపోతుందా?"
"కొంచెం కలపాలి. కానీ అక్కడ ఎవరికీ కనిపించదు."
"నాలుకకి తెలుస్తుందిగా" అంది,
బేరం కుదిరిన గొంతుతో.

పది రోజులకి డాక్టరు దగ్గర్నుంచి పొట్లం వచ్చింది.
దూదిలో ఒకే తొడుగు.
చీటీలో పైరవ్ వంకర రాత:
*రెండోది తీయనివ్వలేదు. పెదవి పట్టుకుని కూర్చుంది.*

దీపం కిందకి తిప్పి చూశాను.
లోపలి గోడ మీద, పాత సిమెంటు కింద
సూదితో గీసిన చిన్న కొడవలి గుర్తు.
మా గురువుది అనుకున్నాను ముందు.
కాదు.
నేను పనిలో చేరిన రెండో ఏడు
నా కోసం నేను కల్పించుకున్న గుర్తది.

ఆ పెళ్ళికూతురి ముఖం నేను చూడలేదు.
చూసి ఉంటే చేసేవాణ్ణి కాదని
ఇప్పుడు చెప్పుకోవచ్చు, ఎవరు కాదంటారు.

మంట వెలిగించాను.
కొడవలి ముందుగా కరిగింది.

చీటీ వెనక ఇంకో ముక్క ఉంది, ఆవిడ చెప్పి రాయించింది:
*తక్కువైన బంగారానికి ఖుబానీలు పంపుతాను.
గింజలు తీసినవే.*